తెలుగు పుట, తెర మీది బొమ్మ

తాళపత్రాల కాలంలో ఒక గ్రంథానికి మరొక ప్రతి కావలెనంటే వ్రాయసకాడు గంటం చేతబట్టి మొదటినుండి చివరిదాకా తిరిగి వ్రాయవలసినదే. అతడు ఎంత శ్రద్ధ కలవాడైనా ఎక్కడో ఒక గుడి, ఒక సుడి తప్పిపోయేది. ఆ ప్రతిని చూచి వ్రాసినవాడు ఆ తప్పును అట్లే నిలిపి, తనది మరొకటి చేర్చేవాడు. పాఠాంతరాలని, ప్రక్షిప్తాలని, లేఖకదోషాలని పేర్లు పెట్టి మన పండితులు తరతరాలుగా శ్రమపడినది ఈ చిక్కును విడదీయడానికే. అచ్చుయంత్రం వచ్చి ఆ బాధను చాలవరకు తగ్గించినది. కాని ప్రతి తీయడంలో ఏమి పోతున్నది, ఏమి మిగులుతున్నది అనే ప్రశ్న మాత్రం సమసిపోలేదు. అది రూపం మార్చుకొని నేడు మన చేతిలోని సెల్‌ఫోనులోకి వచ్చి కూర్చున్నది.

హైదరాబాదు నగరానికి పడమట, గండిపేట జలాశయానికి చేరువలో ఉన్న కోకాపేటనే తీసుకొందాము. ఒకప్పుడు పొలాలతో ఉన్న ఆ గ్రామంలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం భూమి గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. నేడు అక్కడ లేచిన ఆకాశసౌధాలలో ఇల్లు కొనేవారు మొదట చూచేది ఇంటిని కాదు, ఇంటి బొమ్మను. ఇంటి ప్లాను బొమ్మగానే వస్తుంది; దస్తావేజు నకలు బొమ్మగానే వస్తుంది; ఊరిలోని తాతగారి పాత పుస్తకంలోని పుట కూడ బొమ్మగానే వస్తుంది. ప్రతి బొమ్మ పేరు చివర ఒక చిన్న తోక ఉంటుంది: జేపీజీ, పీఎన్‌జీ, జిఫ్, టిఫ్, వెబ్‌పీ. ఈ తోకలను మనం చూస్తాము, చదవము. వాటి వెనుక సుమారు నలుబది సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక తెలుగు ఇంటిపేరు ఉన్నది. కోకాపేటకు కొద్ది మైళ్ల దూరంలోని గచ్చిబౌలిలో యంత్రాల ముందు పుటలు పరచి బొమ్మలుగా మార్చిన వేలాది తెలుగు గ్రంథాల భవితవ్యం కూడ ఆ చరిత్రతోనే ముడివడి ఉన్నది.

కంప్యూటరు దృష్టిలో బొమ్మ అంటే ఏమిటో తెలుసుకొనడానికి మన వాకిటి ముగ్గు చాలు. ఇల్లాలు ముందు చుక్కలు పెడుతుంది. ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని చుక్కలు అన్న లెక్క తప్పదు. కంప్యూటరు చిత్రం కూడ చుక్కల వరుసలే. తేడా ఏమంటే, ఇక్కడ చుక్కలను కలిపే గీత లేదు. ప్రతి చుక్కకూ తన రంగు ఏదో ఒక అంకెగా వ్రాసి ఉంటుంది. చుక్కలు దగ్గర దగ్గరగా ఉండడం చేత కంటికి గీతలుగా, ముఖాలుగా, అక్షరాలుగా కనిపిస్తాయి. పత్రికలలో ఛాయాచిత్రాల కొరకు బ్లాకులు చేయించిన రోజులను ఎరిగినవారికి ఈ సంగతి వింత కాదు. భూతద్దం పెట్టి చూస్తే ఆ బొమ్మలన్నీ చుక్కలే గదా.

చిక్కల్లా చుక్కల సంఖ్యలో ఉన్నది. ఏ-4 కాగితమంత పుటను అంగుళానికి 600 చుక్కల వంతున చిత్రిస్తే సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలు అవుతాయి. నలుపు తెలుపులలోనే ఉంచితే దానికి దాదాపు 43 లక్షల బైట్ల చోటు కావలె. రంగులలో ఉంచితే 10 కోట్ల 44 లక్షల బైట్లు. ఒక్క పుటకే ఇంత అయితే మూడు వందల పుటల పుస్తకానికి ఎంత? దానిని తీగల మీదుగా మరొక ఊరికి పంపవలెనంటే ఎంతసేపు? కాబట్టి బొమ్మను కుదించవలెను. ఎట్లా కుదించవలె, ఆ కుదింపులో దేనిని వదలుకోవచ్చును, దేనిని వదలుకోరాదు అనే దానికి నలుగురు ఒప్పుకొన్న పద్ధతినే ఫైలు రూపం, లేక ఫార్మాట్ అంటారు.

మొదటి పాఠాలు నేర్పినది ఫ్యాక్సు యంత్రం. టెలిఫోను తీగ మీద కాగితపు నకలును పంపే ఆ యంత్రాల కొరకు అంతర్జాతీయ సంస్థ 1980లోను, 1984లోను రెండు ప్రమాణాలు నిర్ణయించినది. వాటి సూత్రం సులభమైనది. అచ్చు పుటలో తెలుపే ఎక్కువ. ఒక్కొక్క చుక్కనూ వేరుగా చెప్పక, ఇన్ని చుక్కలు తెలుపు, ఆపైన ఇన్ని చుక్కలు నలుపు అని చెబితే చాలును. పై వరుసకూ కింది వరుసకూ తేడా ఎక్కడ ఉన్నదో అక్కడ మాత్రమే చెబితే ఇంకను మేలు. ఇట్లా కుదించిన బొమ్మను విప్పినప్పుడు ఒక్క చుక్క కూడ తప్పిపోదు. 1986లో ఆల్డస్ అనే అమెరికా సంస్థ స్కాన్ చేసిన బొమ్మలను దాచే నిమిత్తం టిఫ్ అనే రూపాన్ని ప్రకటించినది. ఫ్యాక్సు కుదింపు పద్ధతులకు అందులో స్థానం లభించినది. ఈ టిఫ్ పేరును శ్రోతలు గుర్తుంచుకోవలె. తెలుగు పుస్తకాల కథలో ఇది మరల వస్తుంది.

1987 జూన్‌లో కంప్యూసర్వ్ అనే సంస్థ జిఫ్ అనే రూపాన్ని వెలువరించినది. దానిని రూపొందించిన ఇంజనీరు స్టీవ్ విల్‌హైట్. ఒక బొమ్మలో 256 రంగులకు మించి ఉండరాదన్నది దాని నియమం. కుదింపు పద్ధతి మన పంచాంగకర్తల పద్ధతి వంటిది. పంచాంగంలో తిథి, నక్షత్రం పూర్తి పేర్లు ఎన్నిసార్లని వ్రాస్తారు? తరచుగా వచ్చే మాటకు ఒక పొడి అక్షరం పెట్టుకొంటారు. చదివేవాడికి ఆ సంకేతం తెలుసును. అట్లే బొమ్మలో మరల మరల వచ్చే చుక్కల వరుసకు ఒక సంకేతం ఏర్పరచి, తరువాత ఆ సంకేతాన్నే వాడుకొనడం ఇందలి ఉపాయం. 1993లో మొజాయిక్ అనే బ్రౌజరు వెబ్ పుటలో అక్షరాల నడుమనే బొమ్మలను చూపినప్పుడు జిఫ్‌కు పట్టాభిషేకం జరిగినట్లయినది.

అయితే ఆ కుదింపు పద్ధతికి యజమాని ఉన్నాడు. దాని మీద 1985లో లభించిన అమెరికా పేటెంటు యూనిసిస్ సంస్థ చేతిలో ఉన్నది. ప్రపంచమంతా జిఫ్‌కు అలవాటు పడిన తరువాత, 1994 డిసెంబరులో, ఈ రూపాన్ని వాడే సాఫ్ట్‌వేరు తయారుచేసేవారు రుసుము చెల్లించవలెనన్న ప్రకటన వెలువడినది. ఊరందరు నడిచే బాట ఒకరి పట్టా భూమిలో ఉన్నదని హఠాత్తుగా తెలిసినట్లయినది. వెంటనే కొందరు ఇంజనీర్లు ఎవరి పట్టా లేని కొత్త బాట వేయనారంభించినారు. దాని పేరే పీఎన్‌జీ. 1996 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంఘం దానిని ఆమోదించినది. దీనిలో రంగులకు 256 అన్న హద్దు లేదు. విప్పినప్పుడు ఒక్క చుక్క తప్పదు. ఎవరికీ రుసుము లేదు. పాత పేటెంటు 2003 జూన్‌లో అమెరికాలో కాలం చెల్లిపోయినది. కాని ఈ వివాదం ఒక పాఠం చెప్పిపోయినది: మనం దాచుకొన్న బొమ్మకు తాళం ఎవరి చేతిలో ఉన్నదో దాచుకొనే ముందే విచారించవలెను.

ఇక ఛాయాచిత్రాల సంగతి. మనిషి ముఖంలో, సాయంసంధ్యాకాశంలో ఒక చుక్కకూ పక్క చుక్కకూ రంగు ఎంతో కొంత మారుతూనే ఉంటుంది. కచ్చితంగా మరల వచ్చే వరుసలు బహు తక్కువ. కాబట్టి పంచాంగపు పద్ధతి ఇక్కడ అంతగా పనిచేయదు. చూచేవాని కంటికి తెలియకుండ కొంత వదలివేయక తప్పదు. ఏది వదలవచ్చునో తేల్చే గణితం ఎక్కడనుండి వచ్చినది? ఆ గణితానికి పునాది వేసిన ముగ్గురిలో ఒకరు కామిశెట్టి రామమోహనరావుగారు. ఇంటిపేరు విన్న తెలుగువారికి వేరే పరిచయం అక్కరలేదు.

రామమోహనరావుగారు 1931లో జన్మించినారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడని ఆ రోజులలో ఇంజనీరింగు చదువగోరిన తెలుగు యువకులు అనేకులు మద్రాసు చేరేవారు. ఆయన కూడ గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1952లో పట్టభద్రులైనారు. తరువాత అమెరికా వెళ్లి, 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు పొంది, ఆ సంవత్సరమే టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరినారు. అదే న్యూ మెక్సికోలో అదే సంవత్సరం డాక్టరేటు పొందిన బెంగుళూరు వాస్తవ్యులు నాసిర్ అహ్మద్‌గారు ఆయనకు మిత్రులు.

కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న అహ్మద్‌గారు 1972లో ఒక ఆలోచనను అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ ముందుంచి ధనసహాయం కోరినారు. కొసైన్ తరంగాలను ఆధారం చేసుకొని సంకేతాలను కుదించవచ్చునన్నది ఆ ఆలోచన. అది మరీ సులభమైనదన్న అభిప్రాయంతో ఆ కోరిక తోసివేయబడినదని తరువాత ఆయనే వ్రాసినారు. సహాయం లేకున్నా పని ఆగలేదు. అహ్మద్‌గారు, ఆయన శిష్యులు నటరాజన్‌గారు, మిత్రులు రామమోహనరావుగారు కలిసి వ్రాసిన చిన్న పరిశోధన వ్యాసం 1974 జనవరిలో ఇంజనీర్ల సంఘపు పత్రికలో వెలువడినది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అన్న పేరు ఆ వ్యాసంతో లోకానికి తెలిసినది. సహాయానికి తగనంత సులభమని తోసివేసిన ఆ ఆలోచన మీదనే నేటి ఛాయాచిత్ర ప్రపంచం నిలిచి ఉన్నది.

దాని మర్మం సంగీతప్రియులైన శ్రోతలకు చెప్పడం కష్టం కాదు. తంబురా తీగను మీటినప్పుడు ఒకే నాదం వినవచ్చినట్లు ఉంటుంది. కాని అందులో ఆధారస్వరమే గాక దాని పైన మోగే సూక్ష్మ స్వరాలు ఎన్నో కలిసి ఉంటాయి. ఏది ఎంత పాలు ఉన్నదో విడదీసి చెప్పవచ్చును. అట్లే బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడులుగా కోసి, ఒక్కొక్క గడిని 64 మూల నమూనాల మిశ్రమంగా భావిస్తారు. మొదటి నమూనా ఆ గడి మొత్తపు వెలుగు. తరువాతివి నెమ్మదిగా మారే ఛాయలు. చిట్టచివరివి అతి సన్నని, అతి వేగంగా మారే గీతలు. ప్రకృతిలోని దృశ్యాలలో మొదటివాటి పాలే ఎక్కువ. చివరివాటిని తగ్గించినా, తీసివేసినా మన కన్ను అంతగా గమనించదు. వెలుగులో తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాను కన్ను పట్టలేదు కాబట్టి రంగు వివరాలను కూడ కొంత తగ్గిస్తారు. మిగిలినదానిని మరల సంకేతాలతో కుదిస్తారు.

ఇంజనీర్లు, ప్రమాణ సంస్థల ప్రతినిధులు కలిసి 1986లో ఏర్పరచుకొన్న సంఘం ఈ పద్ధతిని స్వీకరించి 1992లో ప్రమాణంగా నిలిపినది. ఆ సంఘం ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలే జేపెగ్. చూపుకు పెద్ద తేడా లేకుండ ఛాయాచిత్రాన్ని పదవ వంతుకు తగ్గించగలిగినది ఈ రూపం. పెండ్లి ఫోటో అమెరికాలోని కుమార్తెకు నిమిషంలో చేరుతున్నదంటే ఆ ప్రయాణంలో కామిశెట్టివారి లెక్క ఉన్నది. అంతే కాదు, ఈ గణితానికి సోదరమైన మరొక పద్ధతి నేటి డిజిటల్ ధ్వనిలో, డిజిటల్ రేడియో ప్రసారాలలో కూడ పనిచేస్తున్నది. శ్రోతల చెవికి చేరే కంఠానికి, కంటికి చేరే బొమ్మకు ఇట్లా ఒక చుట్టరికం ఏర్పడినది. రామమోహనరావుగారు 2021 జనవరిలో, తమ 89వ ఏట, స్వర్గస్థులైనారు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో ఇంకను కనిపించవలసినంతగా కనిపించదు.

ఇంతవరకు బాగున్నది. కాని ముఖానికి మేలు చేసిన పద్ధతి అక్షరానికి మేలు చేయదు. అక్షరం అంటేనే తెలుపు మీద హఠాత్తుగా నిలిచే నలుపు, సన్నని గీత, తీవ్రమైన అంచు. జేపెగ్ మొదట వదలివేసేది సరిగా ఆ సన్నని వివరాలనే. అందుచేతనే ఎక్కువగా కుదించిన జేపెగ్ బొమ్మలో అక్షరాల చుట్టు బూడిద చల్లినట్లు మసక కనిపిస్తుంది. ఆంగ్ల అక్షరాలు ఈ మసకను కొంత తట్టుకొంటాయి. తెలుగు లిపి తట్టుకొనడం కష్టం. అడుగున చిన్న గీత పోతే ‘ధార’ కాస్తా ‘దార’ అవుతుంది; ప్రవాహం పోయి భార్య వస్తుంది. ‘ఫలము’లోని ఆ చిన్న గీత చెరిగితే ‘పలము’ అనే తూనిక మిగులుతుంది. పాత గ్రంథాలలోని అరసున్న సంగతి చెప్పనే అక్కరలేదు. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే సంఖ్య. రెంటి నడుమ ఉన్నది ఆ నలుసంత చిహ్నమే. లేఖకదోషం యంత్రయుగంలో ఈ దారిని మరల ప్రవేశిస్తున్నది.

తెలుగు అక్షరానికి బొమ్మతో పడిన ఈ సంబంధం యాదృచ్ఛికం కాదు. 1990 దశకంలో వెబ్ వ్యాపించనారంభించినప్పుడు సామాన్య కంప్యూటరులో తెలుగు లిపి లేదు. అమెరికాలోని తెలుగు యువకులు తమ భాషలో మాట్లాడుకోవలెనన్న తహతహతో ఆంగ్ల అక్షరాలలోనే తెలుగు వ్రాసుకొన్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌గార్లు ఆంగ్ల అక్షరాలలో వ్రాసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే సాధనాన్ని తయారుచేసినారు. అయినా ఎదుటివారి కంప్యూటరులో ఖతి, అంటే ఫాంటు, లేకపోతే అక్షరం కనిపించదు. ఒక్కొక్క వెబ్‌సైటు ఒక్కొక్క ఖతిని వాడినది. అదీ కుదరనివారు తెలుగు పుటను జిఫ్ బొమ్మగా మార్చి పెట్టినారు. బొమ్మను ఏ కంప్యూటరైనా చూపగలదు గదా! ఆ రోజులలో చాలామంది ప్రవాసాంధ్రులు తెర మీద చూచిన మొదటి తెలుగు అక్షరం నిజానికి అక్షరం కాదు, అక్షరపు బొమ్మ.

ఆ రెంటికీ భేదం పెద్దది. బొమ్మగా ఉన్న పుటలో ఒక మాటను వెదకలేము. దానిలోని పద్యాన్ని వేరొక చోటికి తీసుకొనలేము. చూపులేనివారికి చదివి వినిపించే యంత్రం దాని ముందు మూగబోతుంది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతావళి కావలెనని సంకల్పించిన యూనికోడ్ తన మొదటి ప్రకటనలోనే, 1991లో, తెలుగుకు చోటిచ్చినది. కాని అది ఇంటింటి కంప్యూటరులో కనిపించడానికి పదేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి చేరినది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అనే ఖతులను రూపొందించి ఉచితంగా అందించినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. కొత్తగా వ్రాసే తెలుగుకు ఇట్లా విముక్తి లభించినది. మరి అంతకు పూర్వం అచ్చయిన లక్షలాది పుటల మాట ఏమిటి?

ఇక్కడనే గచ్చిబౌలి కథ ప్రవేశిస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న దబ్బల రాజగోపాల రెడ్డిగారు, లోకమంతా రాజ్ రెడ్డి అని పిలిచేవారు, పది లక్షల పుస్తకాలను బొమ్మలుగా మార్చి ఎల్లరకు అందించవలెనని ఒక మహాసంకల్పం చేసినారు. భారతదేశంలో ఆ పనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు బాలకృష్ణన్‌గారు దానికి ముందు నడిచినారు. 1998లో గచ్చిబౌలిలో వెలసిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అందరు ట్రిపుల్ ఐటీ అని పిలిచేది, హైదరాబాదు ప్రాంతపు పనికి కేంద్రమైనది. గ్రంథాలయాలలో దుమ్ము తిన్న పుస్తకాలను తెచ్చి, పుట పుటకూ స్కాన్ చేసినారు. వేలకొలది తెలుగు గ్రంథాలు, పత్రికల సంపుటాలు ఆ యంత్రాల కింద నుండి వెలికివచ్చినవి.

ఆ పుటలను దాచిన రూపమేది? అంగుళానికి 600 చుక్కలు, నలుపు తెలుపులు, ఫ్యాక్సు కాలపు కుదింపు, టిఫ్ రూపం. దాచడానికి ఇది మంచి ఎంపిక. ఒక్క చుక్క పోదు, చోటు ఎక్కువ తీసుకొనదు, ప్రమాణం బహిరంగం. పంచడానికి మాత్రం చిక్కైనది. సామాన్య బ్రౌజర్లు జిఫ్‌ను, జేపెగ్‌ను చూపుతాయి గాని టిఫ్‌ను చూపవు. పుస్తకం చదువవలెనంటే ప్రత్యేకమైన సహాయ సాఫ్ట్‌వేరును కంప్యూటరులో చేర్చుకొని, ఒక్కొక్క పుట చొప్పున తెరుచుకొనవలసి వచ్చేది. పుస్తకం ఉన్నది, చదువరి ఉన్నాడు. నడుమ ఉన్న తలుపుకు తగిన తాళంచెవి చాలామంది చేతిలో లేదు. అంతేగాక నలుపు తెలుపుల స్కానులో పసుపుబారిన కాగితపు మచ్చ నల్లని డాగు అవుతుంది, వెలిసిన సన్నని గీత తెలుపులో కలిసిపోతుంది. అరసున్నకు అక్కడ కూడ గండమే.

2017లో కాపీరైటు ప్రశ్నల కారణంగా ఆ వెబ్‌సైటు మూతపడినది. ఒక్కసారిగా వేలాది తెలుగు పుస్తకాలు కనుమరుగు కావలసినదే. కాలేదు. ఏలనగా ఆ పుటల రూపం బహిరంగమైనది కావడం చేత, పుస్తకాభిమానులు, స్వచ్ఛంద కార్యకర్తలు అంతకు ముందే పుటలను దింపుకొని, పీడీఎఫ్‌లుగా కూర్చి, అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయంలో నిక్షేపించినారు. నేడు ఒక పాత తెలుగు నవల కొరకు వెదకేవానికి ఆ పుస్తకం అక్కడ దొరుకుతున్నదంటే, ఆ పుటలకు ఎవరూ తాళం వేయలేకపోవడమే కారణం. తెరవడానికి ఒకే సంస్థ అనుమతి అవసరమయ్యే రూపంలో వాటిని దాచి ఉంటే వెబ్‌సైటుతో పాటు పుస్తకాలు కూడ పోయి ఉండేవి. ఫైలు రూపం ఇంజనీర్ల గొడవ మాత్రమే కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

బొమ్మలోనుండి అక్షరాన్ని మరల అక్షరంగా రాబట్టే ప్రయత్నం కూడ ఈ ప్రాంతంలోనే జరిగినది. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతిగార్లు, వారి సహచరులు తెలుగు అచ్చు పుటను చదివే పద్ధతిని గురించి 2001లో ఒక అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పించినారు. ట్రిపుల్ ఐటీలో కూడ ఈ పని సాగినది. ఒత్తులు, గుణింతాలు కలిసి వందలాది ఆకారాలుగా విస్తరించే తెలుగు లిపి యంత్రానికి గట్టి పరీక్షే. మరొకవైపు తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద కార్యకర్తలు తెర మీద ఒకవైపు పుట బొమ్మను, ఒకవైపు అక్షరాలను పెట్టుకొని, పుట పుటకూ సరిచూచి దిద్దుతున్నారు. ఇది పూర్వపు పరిష్కర్తల పనే. ఈ పనిలో మనిషైనా, యంత్రమైనా మొదట అడిగేది ఒకటే: బొమ్మ స్పష్టంగా ఉన్నదా?

స్పష్టత లోపించడం కంటె ప్రమాదకరమైనది తప్పుడు స్పష్టత. 2013లో జర్మనీలో ఒక కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక ప్రసిద్ధ సంస్థవారి నకలు యంత్రాలు ఇంటి ప్లానులోని కొలతలను మార్చివేస్తున్నవని కనుగొన్నాడు. ఆ యంత్రాలు చోటు కలిసివచ్చేందుకు ఒకే రీతిగా కనిపించే ఆకారాలను ఒక్కటిగా భావించి, ఒకదాని స్థానంలో మరొకదానిని అచ్చొత్తుతున్నవి. అందుచేత 6 అంకె 8గా మారినది. మసక లేదు, మచ్చ లేదు. అంకె చక్కగా, శుభ్రంగా ఉన్నది, కాని అబద్ధం. ద-ధలు, ప-ఫలు, డ-ఢలు ఉన్న మన లిపిని అటువంటి యంత్రానికి అప్పగిస్తే ఏమి జరుగగలదో ఊహించుకోవచ్చును.

గడచిన దశాబ్దిన్నరలో మరికొన్ని రూపాలు వచ్చినవి. 2010లో గూగుల్ సంస్థ వెబ్‌పీని ప్రకటించినది. 2017 నుండి ఐఫోనులు హెచ్ఈఐసీ అనే రూపంలో ఫోటోలు దాచనారంభించినవి. 2019లో అనేక సంస్థల కూటమి రుసుము లేని ఏవీఐఎఫ్‌ను వెలువరించినది. ఇవన్నీ జేపెగ్ కంటె తక్కువ చోటులో సమానమైన అందాన్ని చూపగలవు. అయినను వాటన్నిటి ముందు నిలిచే ప్రశ్నలు పాతవే: కుదింపులో ఏమి వదలుతున్నది? తెరవడానికి ఎవరి అనుమతి కావలె?

ఈ రెండు ప్రశ్నలు మన ఇండ్లకు కూడ సంబంధించినవే. కోకాపేటలో ఇల్లు కొన్నవారు, అమ్మినవారు, అంతకు పూర్వం అక్కడ సేద్యం చేసిన కుటుంబాలవారు పాత కాగితాలను ఫోనుతో ఫోటో తీసి ఒకరికొకరు పంపుకొంటున్నారు. సందేశాలు చేరవేసే యాప్‌లు ఫోటోను తమంతట తాము కుదిస్తాయి. అందుకొన్నవాడు ఆ బొమ్మను మరల తెరపట్టు తీసి, కత్తిరించి, మరొకరికి పంపితే మరల కుదింపు జరుగుతుంది. నాలుగు చేతులు మారేసరికి సర్వే నంబరులోని అంకె, హద్దులు చెప్పే మాట మసకబారుతాయి. తాళపత్రపు ప్రతికి ప్రతి తీసినట్లే ఇది. కాబట్టి దస్తావేజును గాని, తాతగారి చేతివ్రాతను గాని, పాత పుస్తకపు పుటను గాని పంపవలసినప్పుడు ఫోటోగా కాక ఫైలుగా, అంటే డాక్యుమెంటుగా, పంపడం మంచిది. అట్లా పంపితే కుదింపు జరుగదు. అక్షరాలున్న బొమ్మను పీఎన్‌జీ, టిఫ్ వంటి నష్టం లేని రూపంలో ఉంచుకొనడం మంచిది. ముఖాలున్న ఫోటోలకు జేపెగ్ చాలును. అన్నిటికంటె ముఖ్యం, మొదట తీసిన అసలు ఫైలును చెరపక ఒకచోట భద్రంగా ఉంచి, పంచుకొనడానికి దాని నకలునే వాడవలెను.

తెలుగువారు కుదింపు గణితానికి ఒక మేధావిని ఇచ్చినారు, పుస్తకాలను బొమ్మలుగా మార్చే సంకల్పానికి మరొక మేధావిని ఇచ్చినారు. వారి కృషి ఫలితంగా మన పూర్వులు అచ్చువేసిన పుటలు నేడు ఏ ఊరివాడైనా తెరచి చూడగల స్థితిలో ఉన్నవి. వాటిలో చాలావరకు ఇంకను బొమ్మలే. అక్షరాలుగా మారవలసి ఉన్నది. అంతవరకు ఆ బొమ్మలలోని ఒక్కొక్క చుక్కలో ఒక్కొక్క ఒత్తు, ఒక్కొక్క అరసున్న ప్రాణం నిలుపుకొని ఉన్నదని గ్రహించి వాటిని కాపాడుకొనడం మన విధి.